ఏరువాకకు ముందు ఎద్దు గిట్టను చూడవలెను

సేద్యగాండ్రు తొలకరికి ముందు నాగటి కఱ్ఱును సాగగొట్టింతురు. కాడి పగిలినదేమో చూచుకొందురు. పగ్గములు పేనుకొందురు. విత్తనములు ఎండబెట్టి తాలు తీసివేయుదురు. ఈ సన్నాహము లన్నియు మెచ్చదగినవే. కాని ఈ పనిముట్ల నన్నిటిని లాగవలసిన ఎద్దు ఏ కాళ్ళపై నిలిచి లాగవలెనో, ఆ కాళ్ళ నెత్తి అడుగుభాగమును చూచువారు మిక్కిలి అరుదు. ఏరువాక పున్నమనాడు కొమ్ములకు రంగు పూయుదుము, మెడకు గంటలు కట్టుదుము, నొసట బొట్టు పెట్టుదుము. గిట్టపై నీరు పోయుదుము గాని గిట్ట అడుగు చూడము. పదియవ నాడు ఆ ఎద్దు కుంటుచు ఇంటికి వచ్చినప్పుడు మాత్రము దిష్టి తగిలినదనియో, భుజము బెణికినదనియో చెప్పుకొందుము.

విశ్రాంతి నుండి పనికి వచ్చిన ఎద్దుకు కలుగు గిట్టనొప్పి దైవవశమున వచ్చునది కాదనియు, అది చాలవఱకు మన తొందరపాటువలన వచ్చుననియు, నెల దినములు ముందు మేల్కొన్నచో తప్పించుకొన వచ్చుననియు మా అభిప్రాయము. ఇందు రైతు చేయదగినది కొంత గలదు. సంఘము చేయదగినదియు కొంత గలదు. రెండును ఇచ్చట మనవి చేయుచున్నాము.

కాలము మారినది

“మా తాతలు ఇట్టి పరీక్షలు చేసిరా? వారి ఎద్దు లన్నియు కుంటినవా?” అని పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. వారి ఎద్దులు సంవత్సరము పొడవున నడుచుచుండెడివి. దుక్కి ముగిసినచో మోట, మోట ముగిసినచో ఎఱువుబండి, పిదప కళ్ళము, పిదప సంతబండి. దినదినము నడచుటచేత గిట్ట అరిగినంత పెరుగుచు, పెరిగినంత అరుగుచు ఒక సమతూకమున నుండెడిది. నడచెడి బాటలును మట్టిబాటలు. కావున వారు వేఱుగా పరీక్ష చేయనక్కఱ లేకపోయెను. వారి నిత్యకృత్యమే గిట్టలకు సాధకమైనది.

నేడు లోతుదుక్కి ట్రాక్టరు దున్నుచున్నది. మోట స్థానమున విద్యుత్తు మోటారు వచ్చినది. ఎద్దులకు మిగిలినది విత్తు గొఱ్ఱు, గుంటక, దంతె, ఇంటి బండి. పంట ఇల్లు చేరినది మొదలు తొలకరి వఱకు పెక్కు ఇండ్ల ఎద్దులు కట్టుకొయ్యనే కనిపెట్టుకొని యుండును. పేడయు మూత్రమును కలిసిన తడినేలపై మూడు నాలుగు మాసములు నిలుచును. గిట్ట మొన సాగును, మడమ మెత్తబడును, అడుగు నానును. తరువాత ఒక వాన కురిసిన మఱునాడే అదే జతను తెల్లవాఱుజామున సిమెంటు రోడ్డుపై రెండు మైళ్ళు నడిపించి, పొద్దుగ్రుంకువఱకు పని చేయించి, మరల ఆ రోడ్డుననే తోలుకొని వత్తుము. ఏడాది మొత్తముమీద ఎద్దుపని తగ్గినది. కాని పని తగిలిన దినముల కాఠిన్యము తగ్గలేదు, ఇంకను హెచ్చినది. మా తాతల ఎద్దులకు లేని కష్టము నేటి ఎద్దులకు వచ్చినదనుట ఇందువలననే.

గిట్ట స్వభావము

గిట్ట ప్రాణములేని చిప్ప యని పలువురు తలంతురు. పై చిప్ప కొమ్మువంటి పదార్థమే. కాని దాని లోపల ఎముకయు, ఆ ఎముకను చుట్టి రక్తముతో నిండిన సున్నితమైన పొరయు ఉన్నవి. మన గోటి క్రింద ముల్లు దిగినచో ఎట్టి బాధ కలుగునో, అడుగు అరిగిపోయిన ఎద్దు కంకరపై కాలు మోపినప్పుడు అట్టి బాధయే కలుగును. మనము ఆ వ్రేలిని ముడుచుకొని కూర్చుండగలము. ఎద్దు తన బరువును, బండి బరువును దానిమీదనే మోపవలెను.

ఎద్దు గిట్ట రెండు డెక్కలుగా చీలియుండును. డెక్క గోడ వెండ్రుకలు ముగియుచోట పుట్టి క్రిందికి దిగును. అది నెలకు ఇంచుమించు 5 మి.మీ. మాత్రమే పెరుగును. మొనవద్ద గోడ పొడవు 7 లేక 8 సెం.మీ. ఉండును. కావున నేడు పైన పుట్టిన కొమ్ము నేలను తాకుటకు ఏడాదికి పైబడి పట్టును. అడుగు మందము ఇంచుమించు ఒక సెంటీమీటరు. ఈ లెక్కలను రైతు మనసున నుంచుకొన్నచో రెండు సంగతులు బోధపడును. మొదటిది: ఈ నెల పెట్టిన మేత ఫలము ఈ నెల గిట్టలో కనబడదు. రెండవది: రోడ్డుపై ఒక వారములో అరిగిన అడుగును ఒక వారములో తిరిగి తెచ్చు మందు ఏ అంగడిలోను లేదు.

నీటితో నానిన గిట్ట మెత్తబడి, ఎండిన గిట్టకంటె త్వరగా అరుగును. కావున దమ్ముచెక్కలో దినమంతయు నానిన ఎద్దును ఆ సాయంత్రమే కంకరబాటపై బరువుబండికి కట్టుట అన్నిటికంటె చెడ్డ అలవాటు. అట్లే, మితముగా పనిచేయు గిట్ట ఆ పనికి తగినట్లు పెరుగుదలను హెచ్చించుకొనును. కాని అందులకు వారములు పట్టును, దినములు చాలవు. తొందరపడని రైతునకే ఈ సహాయము అందును.

గుఱ్ఱమునకును ఇదే న్యాయము. జట్కాకు కట్టు గుఱ్ఱమును లాడములు తీసి కొన్ని మాసములు మేతకు విడిచి, మరల లాడములు లేకయే ఒక్కసారిగా రోడ్డున పరుగెత్తించినచో అది అడుగులు కుఱచచేసి, ముండ్లమీద నడచినట్లు నడచును. గుఱ్ఱపు గిట్ట నెలకు 6 మొదలు 10 మి.మీ. వఱకు పెరుగును గనుక ఎద్దు డెక్కకంటె కొంత త్వరగా కోలుకొనును. కాని గుఱ్ఱమునకు కాలికి గిట్ట ఒక్కటే. ఎద్దునకు రెండు డెక్కలుండుటచేత కలుగు లాభమును ముందు చెప్పుదుము.

నొప్పిని కనిపెట్టు విధము

ఎద్దు నోరులేని జీవమని అందురు. కాని నడక దాని నోరే. నొప్పిగల ముందుకాలు నేలను తాకునప్పుడు తల పైకెత్తును, మంచికాలు తాకునప్పుడు తల దించును. వెనుకకాలి నొప్పియైనచో వీపు విల్లువలె వంచి కుఱచ అడుగులు వేయును. నిలుచున్నప్పుడు ఒక కాలిని మాటిమాటికి మార్చుకొనును. మెత్తని దుక్కిలో బాగుగా నడచి గట్టిబాటపై కుంటు ఎద్దునకు నొప్పి గిట్ట అడుగున నున్నదని తెలియవలెను. రెండుచోట్లను ఒకే తీరున కుంటినచో పైభాగమునను వెదకవలెను. ఏమైనను పశువుల కుంటులో అధికభాగము గిట్టయందే పుట్టును. కావున భుజము తడుముటకు ముందు గిట్ట చూచుట మంచిది.

తరువాత కాలెత్తి కడిగి చూడవలెను. డెక్కల నడుమ రాయి, ముల్లు, మేకు ఇఱికినదేమో చూడవలెను. అరచేతితో తాకి, దాని జతకాలికంటె వేడిగా నున్నదేమో పోల్చవలెను. బొటనవ్రేలితో అడుగును గట్టిగా నొక్కవలెను. వ్రేలికి అడుగు లొంగినచో అది మిక్కిలి పలుచబడినదని అర్థము. అట్టి ఎద్దును ఆనాడే పని మాన్పవలెను. వెనుకకాళ్ళలో వెలుపలి డెక్కయు, ముందుకాళ్ళలో లోపలి డెక్కయు బరువు నెక్కువగా మోయును గనుక వానిని మఱింత శ్రద్ధతో చూడవలెను.

డెక్కల నడుమ చర్మము చీలి, కుళ్ళువాసన వచ్చి, పై కాలు వాచినచో అది అరుగుడునొప్పి కాదు, కుళ్ళుతెగులు. నోట చొంగ కారుచు, నాలుకపై పొక్కులుండి, పలు పశువులు ఒకేసారి కుంటుచున్నచో గాలికుంటు అని అనుమానించి, ఆ పశువును ఊరిమందనుండి వేఱుచేసి వెంటనే పశువైద్యునికి కబురు పంపవలెను. ఈ వ్యాధిని అణచుటకై కేంద్ర ప్రభుత్వము 2019 సెప్టెంబరులో జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. టీకా ఆఱు నెలల కొకమాఱు వేయించవలసినది. టీకావారు వచ్చినదినమున పశువులను అడవికి తోలివేయు రైతు తన గుమ్మమునకే కాక పొరుగువాని గుమ్మమునకు కూడ తెగులును పిలుచుచున్నాడు.

పనికి దింపు క్రమము

మృగశిరకార్తె జూన్ మొదటివారము ముగియు తఱి ప్రవేశించును. కావున మే మొదటివారముననే గిట్టల పని ఆరంభింపవలెను. మొట్టమొదట కొట్టపు నేలను పొడిచేయవలెను. మూత్రము నిలువకుండ వాలు పెట్టి, ఎండిన మట్టియో ఇసుకయో పఱచి, పేడను దినమునకు రెండుమాఱులు ఎత్తవలెను. ఇందుకు కాసు ఖర్చు లేదు. అయినను గిట్టల మేలుకై ఇంతకంటె గొప్ప మందు మేమెఱుగము.

సాగిన మొనలను తెలిసినవానిచే చెక్కించవలెను. పైపై పొరలు తీసి అడుగును సమము చేయవలెను గాని తెల్లగా, అందముగా కనబడుటకై లోతుగా కోయరాదు. పని ముందున్న ఎద్దునకు మందమైన అడుగు ఆస్తి. చెక్కుటలో రక్తము కనబడినదనగా హద్దు మీఱినదని అర్థము.

తరువాత నాలుగువారముల నడక. మొదటివారము చల్లని ఉదయమున అరగంటసేపు బరువులేక గట్టి మట్టిబాటపై నడిపింపవలెను. రెండవవారము గంటసేపు నడిపి, అందు కొంతభాగము రోడ్డుపై నుంచవలెను. మూడవవారము ఖాళీబండిని కట్టవలెను. నాలుగవవారము అరబరువు బండియో, మెత్తని నేలలో ఒకపూట గుంటకయో తోలవలెను. ప్రతిదినము ఇంటికి వచ్చిన పిమ్మట గిట్ట తాకి చూడవలెను. వేడియో కుంటో కనబడినచో ముందువారపు పనికి వెనుకకు పోవలెను. ఈ క్రమము గిట్టకే కాక మెడకును, ఊపిరితిత్తులకును, కండలకును మేలు చేయును. వేసవిలో ఎద్దు మెడ మెత్తబడుననియు, తొలిదినముల కాడి మెడను ఒరయుననియు ప్రతి రైతు ఎఱుగును. ఎఱిగి మొదటి దినములందు తేలికపని ఇచ్చును. మెడకు చూపిన దయను గిట్టకును చూపుమని మాత్రమే మేము కోరుచున్నాము.

మేత విషయమున ఒక హెచ్చరిక అవసరము. పనికి బలము రావలెనని తొలకరికి ముందు అన్నము, నూకలు, జొన్నలు ఒక్కసారిగా తట్టలతో పెట్టువారు గలరు. అలవాటులేని ధాన్యము అధికమైనచో కడుపులో పులిసి, ఆ విషము రక్తమున ప్రవేశించి, గిట్టలోని సున్నితపు పొరను మండించును. అప్పుడు ఎద్దు నాలుగు కాళ్ళను కుంటును, లేచుటకే జంకును. బలముకొఱకు పెట్టినది కాళ్ళను తీసినట్లగును. కావున దాణాను రెండు మూడు వారములలో కొద్దికొద్దిగా పెంచవలెను. పచ్చిమేతయు, ఖనిజలవణ మిశ్రమమును ఏడాది పొడవున ఉన్నచో గిట్ట గట్టిగా పుట్టును. ఆముదమో వేపనూనెయో పైన పూయుటవలన కొంత తడి ఆగవచ్చును గాని అరిగిన అడుగు పెరుగదు.

లాడముల మాట

“ఇంత కష్టమేల? లాడములు కొట్టించినచో చాలదా?” అని బండివారు అందురు. లాడమునకు మేము శత్రువులము కాము. దినదినము తారురోడ్డుపై బరువుబండి లాగు ఎద్దునకు లాడము అవసరమే. అరుగుదల పెరుగుదలను మించినచోట ఇనుమే దిక్కు. కాని సేద్యపుపని మాత్రము చేయు ఎద్దునకు, సంవత్సరములో కొలదిదినములు మాత్రమే రోడ్డెక్కు ఎద్దునకు, ముందుగా సాధకము చేయించిన వట్టి గిట్టయే మేలని మా అభిప్రాయము.

కారణములు చెప్పుదుము. ఎద్దు గిట్ట చీలియుండుటచే డెక్కకొక రేకు చొప్పున ఎనిమిది రేకులు కావలెను. డెక్క గోడ పలుచనిది. మేకు నూలువాసి లోపలికి జరిగినను సున్నితపు పొరను గ్రుచ్చును, కొన్ని దినములలో చీము పట్టును. రేకు వేసిన పిమ్మటను గిట్ట పెరుగుచునే యుండును గనుక కాలము మించి ఉంచినచో మేకులు సడలి, రేకు ప్రక్కకు జరిగి డెక్కను చీల్చును. ఎద్దును త్రాళ్ళతో పడవేయుటలోను అపాయము గలదు. నిండు కడుపుతో గట్టినేలపై పడవేసినచో ఉబ్బరము కలుగవచ్చును, కొమ్ము విఱుగవచ్చును. కొట్టించవలసివచ్చినచో మేత మాన్పి, ఇసుకనేలపై, నేర్పరిచేతనే కొట్టించవలెను.

ఇంకొక మాట. ఇదివఱకే కుంటుచున్న ఎద్దునకు, కారణము తెలిసికొనక, నొప్పి మఱుగుపడునని లాడము కొట్టించుట ఎన్నటికిని తగదు. అడుగున చీము ఉన్నచో దానిపై ఇనుపమూత వేసినట్లగును. లాడము అరుగుదలకు అడ్డుగాని జబ్బునకు మందు కాదు.

నొప్పి తగిలిన పిమ్మట

ముందుజాగ్రత్త తప్పినచోట మొదటి మందు విశ్రాంతి. అడుగు పలుచబడిన ఎద్దును పొడిగా, మెత్తగా నున్న నేలపై కట్టి, మేత నీరు దగ్గఱకు తెచ్చి యీయవలెను. తప్పనిసరిగా కొంతదూరము నడిపింపవలసినచో గిట్టకు గోనెపట్టా మడచి కట్టవచ్చును. ఇల్లు చేరగానే విప్పవలెను. ముల్లో మేకో దిగి, ఎద్దు కాలు మోపలేకున్నచో లోపల చీము చేరియుండవచ్చును. పశువైద్యుడు ఊడిన కొమ్మును తీసి చీమునకు దారి చేసినచో ఉపశమనము త్వరగా కనబడును. ఇది ఇంటిలో కొడవలితో చేయదగిన పని కాదు. గుఱ్ఱమునకు మేకు దిగినచో ధనుర్వాతభయము హెచ్చు గనుక సూదిమందు వేయించుటలో ఆలస్యము చేయరాదు.

పుండును కడుగుటకు లీటరు నీటికి ఒక గ్రాము పొటాసియం పర్మాంగనేటు చాలును. కుళ్ళుతెగులు వ్యాపించిన ఊళ్ళలో గిట్టస్నానము మేలు చేయును. పది లీటర్ల నీటిలో అరకిలో మైలుతుత్తము కరగించి, ముందుగా శుభ్రముగా కడిగిన గిట్టలను అందు కొన్ని నిమిషములు నిలుపవలెను. మైలుతుత్తము విషము. పశువులు దానిని త్రాగకుండ చూడవలెను. మిగిలిన నీటిని చెఱువునందు గాని, కాలువయందు గాని పోయరాదు, చేపలు చచ్చును. బావికి దూరముగా గోతిలో పోయవలెను.

ఎద్దునకు రెండు డెక్కలుండుటవలని లాభము ఇచ్చట కనబడును. ఒక డెక్క మాత్రమే చెడినప్పుడు పశువైద్యుడు మంచి డెక్క క్రింద చిన్న చెక్కదిమ్మను జిగురుతో అతికించును. అప్పుడు బరువు మంచిడెక్కపై పడి, నొచ్చిన డెక్క నేలను తాకక విశ్రాంతి పొందును. గుఱ్ఱమున కీ సదుపాయము లేదు. చెక్కముక్కతో తీరదగిన బాధను ఎఱుగక మంచి ఎద్దులను కుంటివని కబేళాకు తెగనమ్ముట ఎంతటి నష్టమో ఆలోచింపుడు.

చేయరానివి రెండు గలవు. ఒకటి, భుజముపై వాత వేయుట. గిట్టలో ముల్లుండగా భుజమును కాల్చుటవలన ఎద్దునకు ఒక బాధ రెండగును. రెండు, నొప్పి తెలియకుండ సూదిమందు పొడిపించి పనికి కట్టుట. నొప్పి ఎద్దునకు కావలివాడు. కావలివాని నోరు మూసి దొంగకు తలుపు తీసినట్లు, తెలియని గిట్టతో పనిచేసిన ఎద్దు దానిని ఇంకను చెఱుపుకొనును. నొప్పిమందులు వైద్యుని ఆజ్ఞపై విశ్రాంతికి తోడుగా వాడవలసినవి. అందును కొన్ని మందులకు నిషేధము గలదు. డైక్లోఫెనాకు వేసిన పశువు చచ్చినప్పుడు దాని మాంసము తిన్న రాబందులు నశించుటచే 2006లో పశువులకు ఆ మందును నిషేధించిరి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాకులను కూడ నిషేధించిరి. అంగడివాడు ఇచ్చినదెల్ల పొడిపించుట తగదు. సంచార పశువైద్య వాహనమునకు 1962 అను సంఖ్యకు టెలిఫోను చేసి పిలువవచ్చును.

చట్టము మాటయు సభ్యు లెఱుగవలెను. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము రోగముచేతనో, పుండుచేతనో పనికి తగని పశువుచే పని చేయించుట నేరము. 1965 నాటి నియమముల ప్రకారము బండిలాగు పశువుచే దినమునకు 9 గంటలకు మించి పని చేయింపరాదు. విరామములేక 5 గంటలకు మించి తోలరాదు. వేడి 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటుచోట మధ్యాహ్నము 12 మొదలు 3 వఱకు కట్టరాదు. ఈ నియమములు ఎద్దునకై పుట్టినవైనను, పాటించినచో లాభము రైతునకే.

పదును మాట, సంఘము మాట

ఇంతవఱకు చదివిన చిన్నరైతు ఒక ప్రశ్న వేయును. “అయ్యా, మీరు చెప్పినది బాగున్నది. నాకున్నది ఒక్క జత. వాన కురిసినది. పదును మూడు నాలుగు దినములకంటె నిలువదు. ఒక ఎద్దు కుంటుచున్నది. విశ్రాంతి యిచ్చినచో విత్తు తప్పును. విత్తు తప్పినచో సంఘపు అప్పు తీర్చుట ఎట్లు?” ఈ ప్రశ్నకు దయచూపుమను నీతివాక్యము సమాధానము కాదు. “ఎద్దుపుండు కాకికి నొప్పా” యని సామెత గలదు. ఎద్దు బాధను ఎఱుగని రైతు కాకివంటివాడైనచో, రైతు ఇక్కట్టు నెఱుగక ఉపదేశించువాడును కాకివంటివాడే. కుంటు ఎద్దును తోలు రైతులలో నిర్దయులకంటె నిరుపాయులే అధికులు.

అయినను లెక్క చూడవలెను. కుంటు ఎద్దును పదునున మూడుదినములు తోలినచో విత్తు పడవచ్చును. కాని ఆ ఎద్దు తరువాతి గుంటకకు లేవకపోయినచో కలుపు పైరును మ్రింగును. జతలో ఒకటి పోయినచో రెండవది ఒంటిదై నిలుచును. జత కుదురు ఎద్దు సంతలో సులభముగా దొరకదు. ఒక పదును కాపాడుకొనుటకై అనేక పదునుల బలమును అమ్ముకొన్నట్లగును. ఈ చిక్కు నుండి ఒంటరి రైతు బయటపడలేడు. పలువురు కలిసినచో బయటపడగలరు. సహకార సంఘము పుట్టినది ఇట్టి పనులకే గదా.

కావున ఈ క్రింది పనులను సంఘములు ఆలోచింపవలెనని మా సూచన.

మొదటిది: మే నెలలో ఒకదినమును గిట్టల పరీక్షకు నిర్ణయింపవలెను. పశువైద్యశాలవారిని పిలిచి, సభ్యుల జతలన్నిటిని ఒకచోట నడిపించి చూచినచో నెలముందుగనే నొప్పులు బయటపడును. నాలుగువారముల నడకకు వ్యవధి చిక్కును.

రెండవది: సంఘపు గిడ్డంగి ప్రక్కన ఒక గిట్టబోను కట్టవలెను. నాలుగు గట్టి స్తంభములు, రెండు అడ్డకఱ్ఱలు, పొట్టక్రిందికి వెడల్పుపట్టా, కాలు నిలుపుటకు దూలము ఉన్నచో ఎద్దును పడవేయకయే గిట్ట చెక్కవచ్చును, లాడము కొట్టవచ్చును, మందు వేయవచ్చును. చెక్కుకత్తులు, ఆకురాయి, మైలుతుత్తము సంఘమే ఉంచి, వాడుకకు స్వల్పరుసుము తీసికొనవచ్చును. గ్రామమున ఆసక్తిగల ఒక యువకునికి గిట్టపని నేర్పించినచో అతనికి జీవనమును, ఊరికి ఉపకారమును కలుగును.

మూడవది, ముఖ్యమైనది: పదునుకాలమున ఎద్దుల బదులుపట్టీ. ఏ సభ్యుని ఎద్దులు ఏదినమున ఖాళీగా నుండునో ముందుగా వ్రాసికొని, కుంటుపడిన జతగల సభ్యునికి ఆ జతనో, సంఘపు ట్రాక్టరుండినచో దానినో ముందువరుసలో ఈయవలెను. కూలి పంటకాలమున చెల్లించు ఏర్పాటు చేయవలెను. ఒకరి కొకరు ఎద్దులు బదులిచ్చుకొనుట మన పల్లెలకు క్రొత్త కాదు. బంధుత్వముగలవారి నడుమ నడచుచుండిన ఆ మర్యాదను, బంధుబలము లేని పేదసభ్యునికి కూడ అందునట్లు పట్టీలోనికి ఎక్కించుటయే సంఘము చేయవలసిన పని. జతగలవారు “నా ఎద్దును పరుని చేతికి ఇచ్చినచో పాడుచేయును” అని శంకింతురు. ఆ శంకయు న్యాయమే. కావున ఎద్దుతో దాని యజమానియో, అతని మనిషియో వచ్చి తానే తోలవలెను. ఇంత నేలకు మించదని ముందే నిర్ణయించుకొనవలెను.

ఈ మూడింటిలో మొదటిదానికి ధనము అక్కఱలేదు. రెండవదానికి కొంచెము కావలెను. మూడవదానికి ధనముకంటె పరస్పర విశ్వాసము కావలెను. ఎఱువులు, విత్తనములు అప్పిచ్చుటతో తన పని తీరినదని సంఘము తలచినచో, అప్పిచ్చిన ఆ ఎఱువును పొలమునకు మోయు కాళ్ళను అది మఱచినట్లే యగును.

సోదర రైతులారా, ఈ సంచిక మీ చేతికి వచ్చిన సాయంత్రమే, ఎద్దులు నెమరు వేయు వేళ, కొట్టములోనికి పోయి ఒక్కొక్క కాలిని ఎత్తి చూడుడు. నొక్కి చూడుడు. కొట్టపు నేల తడిగా నున్నచో రేపే పొడిమట్టి పోయుడు. మిగిలిన సంగతులను వచ్చు సర్వసభ్య సమావేశమున ప్రస్తావించి, కార్యవర్గము వారిచే గిట్టల పరీక్షకు దినమును నిర్ణయింపజేయుడు. తొలకరి తన వేళకు తాను వచ్చును. మన జతలు ఆ వేళకు నాలుగు కాళ్ళపై సరిగా నిలిచియుండునట్లు చూచుట మన చేతిలోని పని.